గాలి లేకపోతే మంట వెలగకూడదు: సెల్లార్ బాయిలర్‌కు ఫ్యాన్ పెట్టించిన నా అనుభవం

మాఘమాసం ముహూర్తాలు మొదలైన వారంలో మా బాయిలర్ గది తలుపు బరువెక్కింది. అది కారిడార్ వైపు తెరుచుకునే ఇనుప తలుపు. మామూలుగా ఒక చేత్తో లాగితే వచ్చేస్తుంది. ఆ రోజు కాలు గోడకు తన్నిపెట్టి లాగాల్సి వచ్చింది. కొంచెం తెరుచుకోగానే కారిడార్‌లోని గాలి నా పక్కనుంచి లోపలికి దూసుకుపోయింది.

నేను హైదరాబాద్‌లో ఒక హోటల్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. 110 గదులు, పైన ఒక ఫంక్షన్ హాలు. వేడినీళ్లకు సెల్లార్‌లో గంటకు 3 లక్షల కిలో కేలరీల వేడి ఇచ్చే డీజిల్ బాయిలర్ ఉంది. పక్క గదే లాండ్రీ. బాయిలర్ ఆపరేటర్ నాకంటే పదేళ్లు పెద్ద, నేను అన్నా అనే పిలుస్తాను. ఆ పొద్దున ఆయన స్టూలు మీద కూర్చుని నుదురు నొక్కుకుంటున్నాడు. "ఏమైందన్నా?" అంటే, "రెండు రోజుల నుంచి తెల్లవారుజామున తలనొప్పి సార్, ఇంటికి పోయాక తగ్గిపోతాంది" అన్నాడు.

ఇంటికి పోతే తగ్గే తలనొప్పి. ఆ మాట వినగానే బర్నర్ ఆపేశాను. ఆయన్ని పైకి తీసుకెళ్లి ఆరుబయట కూర్చోబెట్టి, అక్కడి నుంచి ఆసుపత్రికి పంపాం. రక్తపరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ పాళ్లు పెరిగాయని తేలింది. ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపించారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ వాసన వస్తే కిటికీ తీస్తాం, దగ్గు వస్తే బయటికి పోతాం. దీనికి అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు.

మధ్యాహ్నం బర్నర్ సర్వీస్ ఇంజినీర్ మీటర్లు తెచ్చాడు. ఇద్దరం తలుపు దగ్గరే నిలబడి, చేతిలో మీటరు పట్టుకుని, అయిదు నిమిషాలు మాత్రం బర్నర్ నడిపాం. గది గాలిలో కార్బన్ మోనాక్సైడ్ 85 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 85 భాగాలు) చూపించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్‌లో 8 గంటల సగటుకు పెట్టిన హద్దు 50గా ఉండేది. ఆపి బర్నర్ విప్పి చూస్తే నాజిల్ చుట్టూ మెత్తటి నల్లటి మసి. పొగగొట్టం కింద కూడా అదే మసి పొరలుగా పేరుకుంది.

కారణం వెతకడానికి రెండు గంటలు పట్టింది. బాయిలర్ గది వెనక గోడకు మొదట్లో పెద్ద వెంటిలేటర్ ఉండేది. నిరుడు రినోవేషన్‌లో స్టాఫ్ లాకర్ల కోసం దాన్ని ఇటుకలతో మూసేశారు. ఆ డ్రాయింగ్ మీద నా సంతకం కూడా ఉంది, అందుకే ఈ పని నేనే దగ్గరుండి చేయించాను. నేషనల్ బిల్డింగ్ కోడ్ బాయిలర్ గదికి బయటి గాలి నేరుగా వచ్చే దారి ఉండాలంటుంది. మేం ఉన్న దారి మూసుకున్నాం. అదే సమయంలో లాండ్రీలో రెండు డ్రయర్లు నాలుగయ్యాయి. డ్రయర్ అంటే గదిలో గాలి పీల్చి బయటికి తోసే యంత్రమే. పెళ్లిళ్ల సీజన్‌లో నాలుగూ ఒకేసారి తిరిగితే, ఆ గాలి ఎక్కడి నుంచి రావాలి? పైపుల కోసం గోడకు కొట్టిన కన్నాల గుండా బాయిలర్ గదిలోంచి వచ్చింది. తలుపు మూసి కొలిస్తే, కారిడార్‌తో పోలిస్తే గదిలో పీడనం 28 పాస్కల్స్ తక్కువ. బర్నర్‌కు చాలినంత గాలి అందక మంట సరిగా కాలడం లేదు. పొగగొట్టంలో పైకి పోవాల్సిన వాయువులు, గొట్టంలో ఈడ్పును సరిచేసే రేకు తలుపు (డ్రాఫ్ట్ రెగ్యులేటర్) సందులోంచి గదిలోకి తిరిగి వస్తున్నాయి.

"తలుపు తీసిపెట్టి నడపండి, రేపు రెండు పెళ్లిళ్లున్నాయి" అన్నారు మేనేజర్ గారు. ఆయన ఇబ్బంది నాకు తెలుసు. కానీ సెల్లార్‌లో ఫైర్ డోర్‌కు ఇటుక అడ్డుపెట్టి నెలల తరబడి నడపడం పరిష్కారం కాదు. చివరికి ఒక తాత్కాలిక ఏర్పాటుకు ఒప్పుకున్నాం. బర్నర్ శుభ్రం చేసి, ట్యూన్ చేసి, తెల్లవారుజామున 4 నుంచి 7 వరకే నడపాలి. ఆ మూడు గంటలూ లాండ్రీ పూర్తిగా బంద్. తలుపు తెరిచి ఉంచి, మీటరుతో ఒక మనిషి బయట కాపలా ఉండాలి, 35 దాటితే ఆపేయాలి. అలా పదకొండు రోజులు నడిచింది. ఆ పదకొండు రోజులూ నాకు సరిగా నిద్ర లేదు.

మూసిన వెంటిలేటర్ మళ్లీ తెరుద్దామంటే అవతల ఇప్పుడు లాకర్ల గది ఉంది, బయటి గాలి లేదు. కాబట్టి ఫ్యాన్‌తో, డక్టుతో గాలి తేవాల్సిందే.

ఎంత గాలి కావాలో లెక్క కష్టమేం కాదు. ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 10 ఘనమీటర్ల గాలి కావాలి. 20 శాతం అదనం కలిపితే 12. మా బర్నర్ ఫుల్ ఫైర్‌లో గంటకు 40 లీటర్లు కాలుస్తుంది. అంటే గంటకు 480 ఘనమీటర్లు, దాదాపు 280 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు). ఇది మంట తినే గాలి మాత్రమే. అమెరికా గ్యాస్ కోడ్‌లో ఫ్యాన్‌తో గాలి ఇచ్చేటప్పుడు గంటకు కాలే ప్రతి 1000 బీటీయూల వేడికి (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) కనీసం 0.35 సీఎఫ్ఎం ఉండాలని ఒక నియమం ఉంది. అది గ్యాస్ పరికరాల కోసం రాసినదే అయినా, ఆ లెక్కన చూసుకుంటే మా బాయిలర్‌కు దాదాపు 500 సీఎఫ్ఎం వచ్చింది. గది వేడి కూడా బయటికి పోవాలని 800 సీఎఫ్ఎం సెంట్రిఫ్యూగల్ బ్లోవర్ తీసుకున్నాం. 1 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు, బెల్టు డ్రైవ్. మిగిలిన గాలి లాండ్రీలోకి కాకుండా ర్యాంపు వైపు పోయేలా, దానంతట అదే మూసుకునే రేకు తలుపుతో (డ్యాంపర్) ఇంకో దారి పెట్టాం. గోడ కన్నాలన్నీ ఫైర్ సీలెంట్‌తో పూడ్చాం. లాండ్రీకి విడిగా బయటి గోడలో పెద్ద లూవర్ (ఏటవాలు రెక్కలున్న గాలి కిటికీ) పెట్టించాం. ఈ చివరి పని చేయకుండా బాయిలర్‌కు ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా, ఆ గాలిని డ్రయర్లు లాక్కునేవి.

గాలి ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దగ్గర డక్టు కాంట్రాక్టర్‌కూ నాకూ పెద్ద వాదన జరిగింది. ర్యాంపు పక్కన అయితే డక్టు 4 మీటర్లతో అయిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ అక్కడికి రెండు మీటర్ల దూరంలో జనరేటర్ సైలెన్సర్ ఉంది, పైగా కార్లు ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబడే చోటు అది. కరెంటు పోయిన రాత్రి మా ఫ్యాన్ జనరేటర్ పొగను పీల్చి బాయిలర్ గదిలో నింపుతుంది. "సార్, కరెంటు ఎంతసేపు పోతుంది, పది నిమిషాలు" అన్నాడాయన. నేను ఒప్పుకోలేదు. వెనక సెట్‌బ్యాక్ వైపు, నేల నుంచి మూడు మీటర్ల ఎత్తున తీసుకున్నాం. డక్టు 9 మీటర్లయింది. అక్కడ కిచెన్ ఎగ్జాస్ట్ గానీ, బాయిలర్ పొగగొట్టం గానీ, డ్రయర్ల గొట్టాలు గానీ దగ్గర్లో లేవు.

లూవర్ సైజు దగ్గర కూడా జాగ్రత్త పడాలి. రెండడుగుల లూవర్ పెడితే రెండడుగుల దారి ఉన్నట్టు కాదు. రెక్కలు తినేసిన చోటు తీసేస్తే మిగిలేదే గాలికి దారి. జాలీకి కూడా అంతే. కాంట్రాక్టర్ మంచి ఉద్దేశంతోనే దోమల జాలీ తెచ్చాడు. అది రెండు నెలల్లో దుమ్ముతో, డ్రయర్ నూగుతో పూడుకుపోతుంది. పావు అంగుళం కన్నులున్న జాలీ వేయించాం. పిట్టలు, ఎలుకలు రావు, దుమ్ము నిలవదు.

బిగింపు పని మూడు రోజులే పట్టింది. ఆ మూడు రోజులూ పని జరుగుతున్నంతసేపు బాయిలర్ ప్యానెల్ ఐసోలేటర్‌కు (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) తాళం వేసి తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. హ్యాండిల్‌కు "మనుషులు పనిలో ఉన్నారు" అని అట్ట కట్టాం. గోడకు కోర్ కటింగ్ చేసే ముందు డీజిల్ లైను వాల్వు మూసి, పైపు మీద తడి గోనెపట్టా కప్పాం. బ్లోవర్‌ను రబ్బరు ప్యాడ్ల మీద యాంకర్ బోల్టులతో బిగించి, డక్టుకూ బ్లోవర్‌కూ మధ్య క్యాన్వాస్ వేశాం. డక్టు గోడ దాటే చోట ఫైర్ డ్యాంపర్ పెట్టాం, మంటల వేడికి 72 డిగ్రీల దగ్గర దాని ఫ్యూజిబుల్ లింకు కరిగి డక్టు మూసుకుపోతుంది. గదిలో డక్టు చివరను నేలకు ఒక అడుగు ఎత్తులో, బర్నర్ వైపు కాకుండా గోడ వైపు తిప్పాం. గాలి నేరుగా బర్నర్ మీద కొడితే మంట చెదురుతుంది. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తులు ఇచ్చాం. బెల్టుకు గార్డు బిగించేదాకా స్విచ్ వేయనివ్వలేదు.

ఇంతవరకు ఏ మంచి కాంట్రాక్టర్ అయినా చేయగలిగిందే. నా ఆలోచనంతా ఇంటర్‌లాక్ మీదే ఉంది, అంటే ఒకటి పనిచేస్తేనే రెండోది పనిచేసేలా కట్టే ఏర్పాటు. ఇప్పుడు ఈ గదికి గాలి వచ్చే దారి ఫ్యాన్ ఒక్కటే. అది ఆగితే పరిస్థితి మునుపటి కంటే అధ్వానం. కాబట్టి గాలి ఆడకపోతే బర్నర్ వెలగకూడదు, వెలిగి ఉంటే ఆరిపోవాలి.

మోటారుకు కరెంటు కలిపే స్విచ్‌ను కాంటాక్టర్ అంటారు. మా ఎలక్ట్రీషియన్ కుర్రాడు చురుకైనవాడు. "సార్, ఫ్యాన్ కాంటాక్టర్‌లో ఖాళీ కాంటాక్ట్ ఒకటి ఉంది. దాన్ని బర్నర్ లైన్‌లో సిరీస్ చేస్తే అయిపోతుంది" అన్నాడు. "తమ్ముడూ, బెల్టు తెగితే?" అని అడిగాను. ఒక నిమిషం ఆలోచించాడు. బెల్టు తెగినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాంటాక్టర్ పట్టుకునే ఉంటుంది, గాలి మాత్రం ఉండదు. జాలీ పూడుకున్నా అంతే. కాంటాక్టర్ చెప్పేది మోటారుకు కరెంటు వెళ్లిందని మాత్రమే. మనకు తెలియాల్సింది డక్టులో గాలి కదులుతోందా లేదా అని. అందుకని బ్లోవర్ తర్వాత డక్టుకు, గాలి పీడనం చాలినంత ఉంటేనే కలిసే ప్రెషర్ స్విచ్ పెట్టాం. ఒక గొట్టం డక్టులోకి, ఒకటి గదిలోకి. దాని వైరును బర్నర్ లిమిట్ థర్మోస్టాట్‌తో (నీళ్లు మరీ వేడెక్కితే బర్నర్‌ను ఆపేది) సిరీస్‌లో, అంటే ఏ ఒక్కటి తెగినా బర్నర్ ఆగేలా, సర్వీస్ ఇంజినీర్ చేతే కలిపించాం. బర్నర్ కంట్రోల్ బాక్స్ లోపల మేం వేలు పెట్టలేదు. బర్నర్ సొంత బ్లోవర్‌కు వేరే ప్రెషర్ స్విచ్ ఉన్నా, అది దీనికి బదులు కాదు.

వేడినీళ్లు కావాలని థర్మోస్టాట్ అడగ్గానే ముందు ఫ్యాన్ తిరగాలి, గాలి వచ్చిందని స్విచ్ చెప్పాలి, అప్పుడే బర్నర్‌కు అనుమతి. తర్వాత బర్నర్ తన ప్రీపర్జ్ (వెలిగే ముందు లోపలి పాత వాయువులను ఊదేయడం) తాను చేసుకుని వెలుగుతుంది. ఆరిన తర్వాత ఫ్యాన్ ఇంకో మూడు నిమిషాలు తిరిగి ఆగుతుంది. ఫైర్ అలారం మోగితే బర్నర్, ఫ్యాన్ రెండూ ఆగాలి.

ట్రయల్ రోజు స్విచ్ వేశాం. బ్లోవర్ తిరిగింది, డక్టు చివర చెయ్యి పెడితే గాలి తగులుతోంది. బర్నర్ మాత్రం కదల్లేదు, ప్రెషర్ స్విచ్ మేక్ కావడం (కలవడం) లేదు. అప్పటికి సాయంత్రం ఆరు. కింద అందరూ అలిసిపోయి ఉన్నారు, పైన మేనేజర్ గారు ఫోన్ మీద ఫోన్. "సార్, స్విచ్‌కు జంపర్ వేసి ఒకసారి బర్నర్ చూసేద్దాం, గాలి వస్తూనే ఉంది కదా" అన్నాడు కుర్రాడు. జంపర్ అంటే స్విచ్‌ను దాటేసి రెండు చివరలనూ వైరుతో కలిపేయడం. నిజంగానే గాలి తగులుతోంది, అతని మాట సబబుగానే అనిపించింది. అయినా వద్దన్నాను. స్విచ్ కాదంటోందంటే ముందు స్విచ్ మాట విందాం అన్నాను.

టార్చ్ వేసి బ్లోవర్ కేసింగ్ మీద బాణం గుర్తు చూశాం. ఆపి, అది నెమ్మదించేటప్పుడు ఇరుసు చూస్తే బాణానికి ఎదురు తిరుగుతోంది. రెండు ఫేజులు తారుమారయ్యాయి. ప్రొపెల్లర్ ఫ్యాన్ అయితే తిరగబడితే గాలి వెనక్కి పోతుంది, చెయ్యి పెడితే తెలిసిపోతుంది. సెంట్రిఫ్యూగల్ బ్లోవర్ తిరగబడినా గాలి అదే వైపు వస్తుంది, కాకపోతే చాలా తక్కువ. చేతికి మోసం తెలియదు. ఆ రోజు జంపర్ వేసి బర్నర్ వెలిగించి, ఆ జంపర్ మర్చిపోయి వెళ్లిపోయి ఉంటే? ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తొస్తుంటుంది. తాళం వేసి, రెండు ఫేజులు మార్చి, మళ్లీ స్విచ్ వేస్తే వెంటనే మేక్ అయింది. గాలి వేగం చూపే ఎనిమోమీటర్‌తో కొలిస్తే 790 సీఎఫ్ఎం, మోటారు 1.6 ఆంపియర్లు.

తర్వాత ఒక్కొక్క లోపం మేమే కల్పించి చూశాం. ఫ్యాన్ ఎమ్‌సీబీ దించాం, బర్నర్ ఆరింది. తాళం వేసి బెల్టు తీసి మోటారు ఒక్కదాన్నే తిప్పాం, బర్నర్ వెలగలేదు. బయట లూవర్‌కు అట్టలు అడ్డంపెట్టుకుంటూ వచ్చాం, సగం దాటాక ఆరింది. చివరగా ఫైర్ డ్యాంపర్‌ను చేత్తో మూశాం. బర్నర్ ఆరలేదు! పది సెకన్లు చూసి నేనే ఎమర్జెన్సీ బటన్ నొక్కాను.

తప్పు నాదే. ప్రెషర్ స్విచ్ గొట్టాన్ని బ్లోవర్‌కూ ఫైర్ డ్యాంపర్‌కూ మధ్యలో పెట్టించాను. డ్యాంపర్ మూసుకుంటే గాలి ముందుకు పోదు, కానీ ఆ మధ్య భాగంలో పీడనం ఇంకా పెరుగుతుంది. స్విచ్ దాన్ని చూసి అంతా బాగుందనుకుంటుంది. పీడనం ఉన్నంత మాత్రాన గాలి కదులుతున్నట్టు కాదు. మర్నాడు దాన్ని తీసేసి, డ్యాంపర్ దాటాక, గదిలో డక్టు తిన్నగా ఉన్న చోట ప్యాడిల్ స్విచ్ పెట్టాం. గాలి తోస్తేనే దాని రెక్క వంగుతుంది. డ్యాంపర్‌కు కూడా, అది తెరిచి ఉంటేనే కలిసే లిమిట్ స్విచ్ పెట్టి రెండూ సిరీస్ చేశాం. పరీక్షలన్నీ మొదటి నుంచి మళ్లీ చేశాం. డ్యాంపర్ మూయగానే బర్నర్ ఆరింది.

ఆఖరి పరీక్ష అన్నిటికంటే కఠినమైన పరిస్థితిలో చేశాం. నాలుగు డ్రయర్లు, కిచెన్ ఎగ్జాస్ట్ అన్నీ ఫుల్‌లో, తలుపులన్నీ మూసి, బర్నర్ ఫుల్ ఫైర్‌లో. గది పీడనం ఇప్పుడు 3 పాస్కల్స్ ఎక్కువ చూపించింది. డ్రాఫ్ట్ రెగ్యులేటర్ సందు దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాం. పొగ సన్నటి దారంలా పొగగొట్టంలోకి పోయింది. పన్నెండు రోజుల క్రితం అదే చోట పొగ మా మొహం మీదికి వచ్చింది. ఫ్లూ గ్యాస్‌లో (పొగగొట్టంలోని వాయువుల్లో) ఆక్సిజన్ 4 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 20 పీపీఎం లోపు, మసి ఎంతుందో చెప్పే స్మోక్ నంబర్ 1. గది గాలిలో మీటరు సున్నా. గాలి మారినప్పుడు బర్నర్‌ను మళ్లీ ట్యూన్ చేయకుండా వదిలేయకూడదు, ఈ అంకెలు ట్యూనింగ్ అయ్యాక వచ్చినవి.

గోడకు ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించాం, కారిడార్‌లో కూడా మోగేలా. ప్రతి సోమవారం ఆపరేటర్ అన్న ఫ్యాన్ ఎమ్‌సీబీ దించి బర్నర్ ఆరుతుందో లేదో చూసి పుస్తకంలో రాస్తాడు. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు ప్యాడిల్ స్విచ్ తెరుచుకునే ఉందా అన్నదీ రాస్తాడు. అది మేక్ అయ్యి ఇరుక్కుపోతే మిగతా ఏర్పాటంతా దండగ. నెలకోసారి జాలీ దులుపుతారు.

ఏప్రిల్‌లో ఒక రాత్రి మూడున్నరకు ఫోన్ వచ్చింది. "సార్, బర్నర్ ఆగిపోయింది. ఫ్యాన్ మోటారు తిరుగుతాంది గానీ గాలి లేదు. బెల్టు తెగినట్టుంది." పైన ఫ్లోర్లు నిండి ఉన్నాయి, ఇంకో గంటలో వేడినీళ్ల కోసం ఫోన్లు మొదలవుతాయి. "ఏం చేశావన్నా?" అని అడిగాను.

"ఐసోలేటర్ తాళమేసి బయట కూసున్న. స్పేర్ బెల్టు స్టోర్‌లున్నది, తాళంచెవి మీ దగ్గరున్నది. జల్ది రండి."

నేను వెళ్లేసరికి నాలుగు. బెల్టు మార్చి, గార్డు బిగించి, గాలి కొలిచి బర్నర్ వెలిగించేసరికి నాలుగూ నలభై. ఆ రోజు నుంచి స్పేర్ బెల్టు, స్టోర్ తాళంచెవి రెండూ బాయిలర్ గది బయట గోడకే వేలాడుతున్నాయి.